పేరు అడిగాను

ఆగస్టు 18, సోమవారం

జనవరిలో మందుల కంపెనీ వాళ్లు ఇచ్చిన డైరీ ఇది. ఇన్నాళ్లూ బియ్యం డబ్బా మూత మీద బరువుగా పనికొచ్చింది. ఇవాళ దించి తుడిచాను. చెప్పుకుందామంటే ఇంట్లో మనిషి దొరకడు. మా ఆయన ధనశేఖర్ శ్రీసిటీ ఫ్యాక్టరీ బస్సు ఎక్కేసరికి నేను పడకలో ఉంటాను, ఆయన దిగేసరికి డ్యూటీలో ఉంటాను. పెళ్లయిన ఈ పన్నెండేళ్లలో మేమిద్దరం ఒకరినొకరం ఎక్కువగా చూసుకున్నది నిద్రలోనే.

ఇవాళ మా స్కానింగ్ సెంటర్‌లో మహిమ జరిగింది.

గోవిందస్వామి గారని చిత్తూరులో బట్టల కొట్టు ఆయన, అరవై ఏడేళ్లు. జూన్‌లో మా దగ్గరే సీటీ స్కాన్ తీస్తే కుడి ఊపిరితిత్తిలో రేగిపండంత గడ్డ కనిపించింది. సూది పెట్టి ముక్క తీసి పరీక్ష చేయాలని డాక్టర్లు అంటే ఆయన ససేమిరా అన్నాడు. రెండు నెలలు మొక్కులూ ఆకుపసర్లూ అయ్యాక, కొడుకు నవీన్ బతిమాలి మళ్లీ తీసుకొచ్చాడు. తిరుమల కొండ దిగి నేరుగా వచ్చారు. నున్నటి గుండు, గుండు నిండా చందనం. స్కాన్ నేనే తీశాను. గడ్డ లేదు. తగ్గడం కాదు, ఆనవాలే లేదు.

మా రేడియాలజిస్టు యోగానంద గారు తెర మూడుసార్లు చూసి, కళ్లద్దాలు తుడుచుకుని నాలుగోసారి చూశారు. అప్పుడది గడ్డ అయి ఉండదు, నెమ్ము పట్టి కరిగి ఉంటుందని తనలో తాను చెప్పుకున్నట్టు అన్నారు. నవీన్‌కు ఆ మాట చెవికెక్కలేదు. హాల్లోకి పోయి, కొండ ఎటువైపో చూసుకుని టైల్స్ మీద సాష్టాంగపడ్డాడు. కూర్చున్న నలభై మందీ లేచి గోవింద నామం అందుకున్నారు. నేనూ అన్నాను.

పెద్దాయన ఒక్కడే గోవిందా అనలేదు. చొక్కా గుండీలు పెట్టుకుంటూ నన్ను పక్కకు పిలిచి, "యంత్రం బాగానే పనిచేస్తా ఉండాదా అమ్మా?" అని అడిగాడు. చాలా బాగా పనిచేస్తోందని చెప్పాను. అప్పుడు ఏడ్చాడు.

వాళ్లిచ్చిన లడ్డూ కాగితంలో చుట్టుకుని ఇంటికి తెచ్చాను. ఒళ్లంతా తేలికగా ఉంది. రేపు తింటాను.

ఆగస్టు 19

మా గదికి కిటికీ లేదు. మెషిన్ చల్లగా ఉండాలి కాబట్టి బయట ఎండ మండుతున్నా నేను స్వెట్టర్‌లో ఉంటాను. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఒకటే వెలుతురు. మనిషి వచ్చి పడుకుంటాడు, బల్ల లోపలికి జరుగుతుంది, మెషిన్ నా గొంతుతో మాట్లాడుతుంది. గాలి పీల్చుకోండి. బిగబట్టండి. ఆ మాటలు ఐదేళ్ల కిందట నేనే రికార్డు చేశాను, అంతకు ముందు హిందీలో ఉండేవి. మొదట "ఊపిరి వదలండి" అని చెప్పాను. శకుంతలమ్మ అని ఒకావిడ బల్ల మీద లేచి కూర్చుని, మొగుడూ బిడ్డలూ నిక్షేపంగా ఉండగా నేనెందుకు ఊపిరి వదలాలి అని పోట్లాడింది. న్యాయమే. అప్పుడు "మామూలుగా గాలి తీసుకోండి" అని మార్చాను.

రోజుకు నలభై సార్లు నా గొంతు నాకే వినిపిస్తుంది. కొన్నాళ్లకు అది నాది కాదనిపిస్తుంది. పక్క వీధిలో ఎవరో తెలిసిన మనిషి ఎవరినో పిలుస్తున్నట్టు ఉంటుంది. ఇంట్లో చారు పోపు పెడుతూ కూడా ఒక్కోసారి ఊపిరి బిగబట్టి నిలబడిపోతాను, వదలమని ఎవరూ చెప్పరు కదా, కాసేపటికి గుర్తొస్తుంది.

తెర మీద లోపలి మనిషి కనిపిస్తాడు. మెడ నుంచి కిందికి పొర వెంట పొర జారుతుంటే దిగుడుబావిలో మెట్లు దిగుతున్నట్టు ఉంటుంది. నేను మొహాలు మరచిపోతాను గానీ లోపలివి మరచిపోను.

మధ్యాహ్నం లడ్డూ తింటూ, గోవిందస్వామి గారి జూన్ బొమ్మలూ నిన్నటి బొమ్మలూ పక్కపక్కన పెట్టుకుని చూశాను. ఊరికే చూశాను. జూన్ బొమ్మల్లో ఎడమవైపు రెండు పక్కటెముకలు ఎప్పుడో విరిగి వంకరగా అతుక్కుని ఉన్నాయి. నిన్నటి బొమ్మల్లో తిన్నగా ఉన్నాయి.

గడ్డ కరగొచ్చు. ఎముకలు? దేవుడు పనిలో పనిగా అవి కూడా సరిచేశాడేమో.

ఆగస్టు 20

జూన్ 17న పేరు అడిగే బల్ల ఎక్కించాను. నేను ఎప్పుడూ అడుగుతాను.

ఆగస్టు 21, గురువారం

జూన్ 17 రిజిస్టర్ తీశాను. గోవిందస్వామి కింద పేరు చెంగయ్య. అరవై ఎనిమిదేళ్లు, పెనుమూరు దగ్గర మామిడితోటకు కాపలా ఉంటాడు. ఇద్దరికీ ఛాతీ స్కానే. చెంగయ్య రిపోర్టులో ఏమీ లేదని ఉంది. ఆయన బొమ్మలు తెరిచాను. పక్కటెముకలు తిన్నగా ఉన్నాయి. గుండె పక్కన రక్తనాళంలో సున్నపు చుక్క ఒకటి ఉంది. మొన్న గోవిందస్వామి గారికి కూడా సరిగ్గా అక్కడే ఉంది.

ఆ రోజు గుర్తుంది. హాలు నిండా జనం. తలుపు దగ్గర నిలబడి "గోవిందస్వామి గారూ" అని పిలిచాను. గోడకు తల ఆనించి నిద్రపోతున్న ముసలాయన ఉలిక్కిపడి కళ్లు తెరిచి, గట్టిగా "గోవిందా" అన్నాడు. హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను. తిరుపతిలో ఆ పేరు పిలిస్తే గోడలు కూడా పలుకుతాయి. అసలు గోవిందస్వామి గారు కొడుకుతో కలిసి కాఫీకి బయటికి పోయి ఉన్నాడు. నాకేం తెలుసు? "రండి పెద్దాయనా" అని ఈయన చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లాను. ఈయన కూతురు కింద మందుల షాపులో ఉంది. తర్వాత నా చేతిలో చెంగయ్య కాగితం మిగిలింది, తలుపు దగ్గర ఇంకో ముసలాయన మిగిలాడు. ఆయన్ని కూడా "రండి పెద్దాయనా" అన్నాను. ఆయనా వచ్చాడు.

పిలిస్తే పలకడం వేరు, అడిగితే చెప్పడం వేరు. మా చదువులో మొదటి పాఠమే అది. పిలిచాక, బల్ల ఎక్కించే ముందు మీ పేరేమిటని అడగాలి, వాళ్ల నోటితోనే చెప్పించాలి. నేను అడిగాను. అడిగే ఉంటాను. ఆయన నిద్రమత్తులో తల ఊపి ఉంటాడు. నేను పిలిచింది ఒక పేరు, పలికింది ఆయన.

గడ్డ ఉన్నది చెంగయ్యకు. ఏమీ లేదని కాగితం చేతికిచ్చి పంపించాం.

ఆగస్టు 23

శేఖర్‌కు ఇవాళ సెలవు. చెప్పాను. రసం అన్నం కలుపుతూ అంతా విన్నాడు. డాక్టరే కరిగిపోయిందని చెప్పాక మధ్యలో నీకెందుకు అన్నాడు. నోరు తెరిస్తే నీ ఉద్యోగం గోవిందా అన్నాడు, ఆ మాట అన్నాక తనకే నవ్వొచ్చింది. ఆ ముసలాయనకు ఒంట్లో బాగాలేకపోతే వాళ్లే ఇంకో చోట స్కాన్ తీయించుకుంటారు, అప్పుడు అదే బయటపడుతుంది, నువ్వు చెప్పినా చెప్పకపోయినా జరిగేది ఒకటే అన్నాడు.

అందులోనూ న్యాయం ఉంది. వింటుంటే వాన పడేటప్పుడు దుప్పటి కప్పుకున్నట్టు హాయిగా అనిపించింది.

ఆగస్టు 24

మధ్యాహ్నం పడుకుంటే కల వచ్చింది. మా హాలే, కానీ పైకప్పు లేదు, పొగమంచు నేల దాకా దిగి ఉంది. జనమంతా కుర్చీల్లో నిద్రపోతున్నారు. నేను కాగితాలు పట్టుకుని ఒక్కొక్క పేరు పిలుస్తున్నాను. ఏ పేరు పిలిచినా అందరూ ఒకేసారి కళ్లు తెరిచి నన్ను చూసి, మళ్లీ మూసుకుంటున్నారు. భయం వేయలేదు. ఎంతో మెత్తగా, ప్రశాంతంగా ఉంది. లేచాక భయం వేసింది.

ఆగస్టు 27, వినాయక చవితి

శేఖర్ పట్టుబట్టి కాణిపాకం తీసుకెళ్లాడు. జనం ఒకరి మీద ఒకరు. క్యూలో మా ముందు ఇద్దరు అన్నదమ్ములు, గట్టు తగాదా అట, ప్రమాణం చేయడానికి వచ్చారు. ఆ స్వామి ముందు అబద్ధం చెప్పి బతికి బట్టకట్టినవాడు లేడని మా వైపు నమ్మకం. కోర్టుల్లో తేలనివి అక్కడ తేలతాయి. తమ్ముడు ఇంకా గర్భగుడి దాకా పోనేలేదు, గట్టు నీదేలే అన్నా అనేశాడు. క్యూలో వాళ్లంతా నవ్వారు.

నన్నెవరూ ప్రమాణం అడగలేదు. అయినా లోపల ఆ మాట సిద్ధం చేసుకుంటూ నడిచాను: స్వామీ, నేను పేరు అడిగాను. పేరు అడిగాను. గంట వినపడేంత దగ్గరికి వచ్చాక, చెప్పులు వదిలిన చోటు చూసొస్తానని శేఖర్‌కు చెప్పి క్యూలోంచి బయటికి వచ్చేశాను. కొబ్బరికాయల అంగడి పక్కన అరుగు మీద కూర్చున్నాను. కొత్త చెప్పులు కదా, ఎవరైనా వేసుకుపోతారని.

ఆగస్టు 30

గోవిందస్వామి గారు పనిగట్టుకుని చిత్తూరు నుంచి వచ్చారు, నాకొక చీర తెచ్చారు. నేనేం చేశానని ఇస్తున్నారు అంటే, శుభవార్త మొదట నీ కళ్లతో చూశావు కదా అన్నారు. ఇంకెన్నో రోజులు లేవనుకుని, ఇరవై రెండేళ్లుగా మాటల్లేని తమ్ముడి గడప తొక్కారట. ఇద్దరూ కలిసి భోంచేశారట. దేవుడు జబ్బు ఇచ్చింది అందుకేనమ్మా, పని అయ్యాక తీసేసుకున్నాడు అన్నారు.

చీర మామిడిచిగురు రంగు. బీరువాలో పెట్టాను. మహిమ అబద్ధమైనా తమ్ముడి ఇంట్లో తిన్న అన్నం నిజమే కదా. దాన్ని నేనెందుకు పాడుచేయాలి?

సెప్టెంబర్ 2

రిజిస్టర్‌లో ఉన్న నంబరుకు ఫోన్ చేశాను. చెంగయ్య కూతురు రూతు ఎత్తింది. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పని చేస్తుందట, వెనక మోత వినిపిస్తోంది. సెంటర్ నుంచి ఊరికే కనుక్కుంటున్నాం, పెద్దాయన ఎలా ఉన్నాడు అని అడిగాను.

"దగ్గు తగ్గలా మేడం. ఏ డాక్టరు కాడికి పోయినా ఆ రిపోర్టు సూసి, ఏమీ లేదు పొమ్మంటా ఉండారు. ఏమీ లేకుంటే దగ్గి ఉమిస్తే గల్లలో నెత్తురెందుకు పడతాది మేడం?"

ఇంకో స్కాన్ తీయించమని ఎవరూ చెప్పలేదా అన్నాను. రెండు నెలల కిందటే శుభ్రంగా వచ్చింది, మళ్లీ ఎందుకు అని ఇద్దరు డాక్టర్లు అన్నారట. మీ సెంటర్ పేరు చూసి మంచి రిపోర్టు అన్నారట.

జాగ్రత్తగా చూసుకోమని చెప్పి పెట్టేశాను.

సెప్టెంబర్ 3

ఆయన్ని ఎక్కడికీ పోనివ్వకుండా ఆపుతున్నది మా కాగితమే. శేఖర్ లెక్క తప్పు.

సెప్టెంబర్ 4

ఇవాళ ముప్పై ఎనిమిది స్కాన్లు. అందరినీ పేరు అడిగాను. కొందరిని రెండుసార్లు అడిగాను. ఒకావిడ, చెవుడా అమ్మా నీకు అంది.

సెప్టెంబర్ 6, శనివారం

యోగానంద గారికి చెప్పాను. రిజిస్టర్ తీసి చూసి ఇవాళ్టికి పదహారు రోజులు.

మధ్యాహ్నం ఆయన గదిలో ఒంటరిగా ఉన్నప్పుడు పోయి, మూడు సెట్ల బొమ్మలూ తెరిచి చూపించాను. అరుస్తారనుకున్నాను. అరవలేదు. తెర మీద వేలు పెట్టి చిన్నపిల్లాడిలా పక్కటెముకలు ఒక్కొక్కటే లెక్కపెట్టారు. నేనూ ఎముకలు చూడలేదు కోమలీ, గడ్డ ఒకటే చూశాను అన్నారు. ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది. తన తప్పు ఎంత తేలికగా ఒప్పుకున్నాడు ఆ మనిషి.

తర్వాత అడిగారు, లోపల పేరు అడిగావా అని.

"అడిగాను సార్. ఆయనే పలికాడు" అన్నాను.

సోమవారం పొద్దున్నే తీసుకురమ్మన్నారు. రూతుకు ఫోన్ చేసి, బొమ్మలు తారుమారయ్యాయి, మళ్లీ తీయాలి అని చెప్పాను. అలాగే మేడం, థాంక్స్ మేడం అంది. థాంక్స్ అంది.

సెప్టెంబర్ 8, సోమవారం

మొదటి కేసుగా తీసుకున్నాను. పేరు అడిగాను. చెంగయ్య అని చెప్పి, తండ్రి పేరు, ఊరు, తోట యజమాని పేరు కూడా చెప్పాడు, పోలీసు స్టేషన్‌లో చెప్పినట్టు. చొక్కా విప్పితే ఎడమ పక్కన చేతికి తగిలింది, ఎముక అతుక్కున్న చోట గట్టు. ఎలా తగిలిందని అడిగాను. ఇరవై ఏళ్ల వయసులో కొండ మెట్ల మీద అంగళ్లకు మూటలు మోసేవాడట. ఒకసారి బెల్లం మూటతో సహా జారాడట. బరువు ఎత్తేటప్పుడు గోవిందా, దించేటప్పుడు గోవిందా, ఆ నోటికి అదే అలవాటు. ఇప్పుడు రూతు వాళ్లతో కలిసి చర్చికి పోతున్నా, ప్రార్థన చివర నోరు జారి అదే వస్తుందట. పాస్టరు గారు కూడా నవ్వి ఊరుకుంటారట.

బల్ల లోపలికి జరిగింది. అద్దం ఇవతల కూర్చున్నాను. గాలి పీల్చుకోండి అంది నా గొంతు. బిగబట్టండి అంది. ఆయన బిగబట్టాడు. నేనూ బిగబట్టాను. గదంతా బిగబట్టినట్టు ఉంది. పొరలు కిందికి జారుతున్నాయి. భుజాలు దాటాయి, ఊపిరితిత్తుల చీకటి మొదలైంది. ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో ఆ చీకటి. అందులోకి కుడివైపు నుంచి తెల్లగా అది వచ్చింది. జూన్‌లో రేగిపండు. ఇప్పుడు నిమ్మకాయ. మామూలుగా గాలి తీసుకోండి అని గొంతు చెప్పినా నేను తీసుకోలేదు. ఆయన దగ్గు స్పీకర్‌లో వినపడ్డాక తీసుకున్నాను.

దించుతుంటే అడిగాడు, లోపల మాట్లాడిన ఆయమ్మ ఎవరని. నేనే అన్నాను. నన్ను తేరిపార చూశాడు.

"నువ్వు ఈడ మాట్లాడేదానికంటే ఆడ బాగా మాట్లాడతా ఉండావు పాపా" అన్నాడు.

గడ్డ పెరిగింది, పక్కన ఒక గ్రంథి కూడా వాచింది. జూన్‌లో అయితే కోసి తీసేస్తే సరిపోయేదని యోగానంద గారు నాతో అన్నారు. ఇప్పుడు ముందు మందులు ఎక్కించాలి, అది కుంచించుకుపోతే అప్పుడు కోత, లేకపోతే లేదు. వేలూరు పెద్దాసుపత్రికి రాసిచ్చారు. పదహారు రోజుల్లో ఎంత పెరిగి ఉంటుందని అడగాలని నోటిదాకా వచ్చింది. అడగలేదు.

సెప్టెంబర్ 10

సెంటర్ యజమాని భానుచందర్ గారు పిలిచారు. నా చేత మూడు లైన్లు రాయించుకున్నారు: పేరు పిలిచాను, రోగి పలికాడు, నియమం ప్రకారం పేరు అడిగాను. సంతకం పెట్టాను. చేతిరాత బాగుందన్నారు.

ఆయన దగ్గర టైపు చేసిన కాగితం ఇంకొకటి ఉంది. "నా పేరు కాని పేరుకు నేను పలికినందువల్ల ఈ పొరపాటు జరిగినది. ఇందులో సిబ్బంది తప్పు ఏమియు లేదు." కింద చెంగయ్య వేలిముద్రకు చోటు. వేలూరు పోవడానికి కారు, తోడుగా మనిషి, అన్నీ సెంటరే చూసుకుంటుందట. ముసలాయన నీతో బాగా మాట్లాడుతున్నాడట కదా, ఆదివారం నువ్వే పోయి వేయించుకురా అన్నారు. నీ మంచికే చెబుతున్నాను అని కూడా అన్నారు. నిజంగా నా మంచికే.

సెప్టెంబర్ 11

యోగానంద గారు చిత్తూరు వాళ్లకు కూడా చెప్పేశారు. నవీన్ నాకు ఫోన్ చేసి, మా దేవుడి మీద నీకేమి కోపం అని అడిగాడు. తర్వాత పెద్దాయన ఫోన్ తీసుకున్నాడు. ఆయన ఊపిరి వినపడుతూనే ఉంది.

"అంటే నాకు రానే లేదా అమ్మా?" అన్నాడు చివరికి. "ఆయప్ప ఎట్లుండాడు ఇప్పుడు?"

వేలూరు వెళ్తున్నారని చెప్పాను. సరే అని పెట్టేశాడు. చీర సంగతి ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

సెప్టెంబర్ 13

రేపు పెనుమూరు వెళ్లాలి. వేలిముద్రే కదా. ఐదు నిమిషాల పని. ఆయన పలికిన మాట నిజమే కదా, హాల్లో నలభై మంది విన్నారు.

సెప్టెంబర్ 14, ఆదివారం

బస్సు దిగి రెండు మైళ్లు నడిచాను. కోతలు అయిపోయిన తోట, ఆకులు తప్ప ఏమీ లేదు. ఎండ ఆకుల్లోంచి చిన్న చిన్న చుక్కలుగా నేల మీద పడి కదులుతోంది. ఎంత దూరం నడిచినా ఒకే చెట్టు కింద నడుస్తున్నట్టు ఉంది. ఈ దారి ఇలాగే సాగితే బాగుండును, చెంగయ్య ఉండే రేకుల గది రాకుండా ఉంటే బాగుండును అనుకున్నాను. వచ్చింది.

చెంగయ్య నులకమంచం మీద కూర్చుని ఉన్నాడు. వారంలోనే బుగ్గలు లోపలికి పోయాయి. రూతు మంగళవారం ప్రయాణానికి బట్టలు సర్దుతోంది. నాకు మజ్జిగ ఇచ్చింది. తాగాను. కాగితం తీసి చదివి వినిపించాను. నా గొంతు మెషిన్‌లో వచ్చినట్టే వచ్చింది, తడబాటు లేకుండా.

రూతు సర్దడం ఆపింది. మా నాయన తప్పెలా అవుతుంది మేడం అని అడిగింది. ఆయన చెయ్యి ఎత్తి కూతుర్ని ఆపాడు.

"నిజమే గదమ్మే. నిద్దరలో నేనే పలికితిని. గోవిందా అంటిని. సచ్చినోడి మాదిరి నిద్దరపోకుండా ఉండుంటే ఇంత జరిగేది కాదు. తప్పు నాదే." తర్వాత నా వైపు తిరిగాడు. "ఇది ఏస్తే నీ పనికేమీ కాదు గదా పాపా? ఇంకుప్యాడు తెచ్చినావా?"

తెచ్చాను. బ్యాగులోంచి తీశాను. మూత కూడా తీశాను. ఆయన బొటనవేలు పంచెకు తుడుచుకుని చాపాడు.

ఇన్నాళ్లూ ఈ డైరీలో నేను రాసుకున్న మాటే అది. పలికింది ఆయన. రాసుకున్నప్పుడల్లా కొంచెం నిజంలాగే ఉండేది. ఆయన నోటి నుంచి వింటే సిగ్గుతో చచ్చిపోయాను. ఆ చాచిన వేలు చూస్తూ ప్యాడు ముందుకు జరపలేకపోయాను.

"నేను మీ పేరు అడగలేదు" అన్నాను.

ఇద్దరూ చూశారు. రూతు అడిగింది, అడగలేదా అని.

"అడగలేదు. లోపలికి తీసుకోని పోయినాక మీ పేరేందని అడగాల. అది నా పని. ముసలాయన, నిద్దర లేసి వచ్చినాడు, పేరడిగేదేముండాదిలే అని పండబెట్టేసినాను. తెలిసినాక గూడా పదహారు దినాలు ఎవురికీ చెప్పలేదు. మొన్న గూడా అడిగినానని అబద్ధం రాసిచ్చినాను."

రూతు అరవలేదు. లేచి వెళ్లిపొమ్మంది, అంతే, గొంతు పెంచకుండా. నేను లేవలేదు. కాగితం తిప్పి వెనక రాశాను: జూన్ 17న చెంగయ్య గారి పేరు నేను అడగలేదు, తెలిసీ పదహారు రోజులు దాచాను, తప్పు నాది, ఆయనది కాదు. సంతకం చేసి, తేదీ వేసి రూతు చేతికిచ్చాను. భానుచందర్ గారికి చూపిస్తుందో, పోలీసులకు చూపిస్తుందో ఆమె ఇష్టం. ఆమె చదివి, మడిచి, వేలూరుకు పోయే సంచిలో రిపోర్టుల మధ్య పెట్టుకుంది. తర్వాత తలుపు తీసి పట్టుకుని నిలబడింది.

చెంగయ్య వేలు ఇంకా అలాగే చాపి ఉంది. దాన్ని చూసుకుని మెల్లగా వెనక్కి తీసుకున్నాడు.

"ఆ పొద్దు చెయ్యి పట్టుకోని రాండి పెద్దాయనా అనింది నువ్వే గదా పాపా" అన్నాడు. "నన్నెవురూ అట్ల పిలవరు. ఏరా చెంగా అంటారు. ఆ దినమంతా అదే తలుసుకుంటా ఉంటిని."

అది నన్ను దెప్పడానికి అన్న మాట కాదు. నిజంగా సంతోషపడ్డాడు ఆ రోజు. రూతు తలుపు దగ్గర నుంచి కదల్లేదు. ఇంకుప్యాడుకు మూత పెట్టాను. బ్యాగు తీసుకుని లేచి వచ్చేశాను.